కారుకు చమ్కీ అద్దింది ఎవరు? హాట్ రాడ్ మెరుపు పెయింట్ కథ

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: "1960ల నాటి అమెరికన్ హాట్ రాడ్‌ల (వేగం కోసం మార్చిన పాత కార్ల) ఫోటోల్లో బాడీ అంతా చమ్కీలు చల్లినట్టు మెరుస్తుంది కదా, ఆ పెయింట్ మొదట ఎవరు కనిపెట్టారు? అది మామూలు మెటాలిక్కేనా, వేరేదా? నా పాత బుల్లెట్ ట్యాంకు మీద అలా వేయించుకోవచ్చా?" ట్యాంకు సంగతి చివర్లో చెబుతాను. ముందు రెండూ తెలుసుకోకుండా ట్యాంకు పనికి దిగితే డబ్బు తగలేసినట్టే. ఇంకోటి, గురువుగారూ అని రాశావు. అన్నా అను, చాలు.

నేనెవరో ఒక్క ముక్క. విజయవాడ ఆటోనగర్‌లో పదహారేళ్ళు పనిచేశాను. అందులో మొదటి రెండేళ్ళూ చేతికి పెయింట్ చల్లే గన్ ఇవ్వలేదు, వాటర్ పేపరూ (తడిపి రుద్దే గరుకు కాగితం) బకెట్టూ ఇచ్చారు. ఇప్పుడు పన్నెండేళ్ళుగా కాలిఫోర్నియాలో, శాన్ హోసే దగ్గర ఒక బాడీ షాపులో పెయింట్ బూత్‌లో ఉన్నాను. నువ్వు ఫోటోల్లో చూసే బండ్లు ఇక్కడ ఆదివారం సాయంత్రాలు రోడ్డు మీదే తిరుగుతుంటాయి. కాబట్టి కింద రాసేదాంట్లో చదివింది కొంత, పాత పెయింటర్ల దగ్గర విన్నది కొంత, చేతులు కాల్చుకుని నేర్చుకున్నది కొంత.

ఆ మెరుపుని కార్ల వాళ్ళు కనిపెట్టలేదు. చేపల దగ్గర కొంత, చీర జరీ దగ్గర కొంత అరువు తెచ్చుకున్నారు. వాళ్ళ సొంత తెలివి ఏమిటంటే, ఆ మెరుపుని క్లియర్ (రంగులేని పారదర్శక పై పూత) కింద పూడ్చిపెట్టి, పైన అద్దంలా నున్నగా తేల్చడం. పేరు తెచ్చింది మెరుపే గానీ అసలు పనితనమంతా ఆ పూడ్చడంలో ఉంది.

మెరిసేవన్నీ ఒకటి కాదు. మెటాలిక్ వేరు, పెరల్ వేరు, క్యాండీ వేరు, ఫ్లేక్, అంటే నువ్వడిగిన చమ్కీ, వేరు. ఫోటోలో నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, ఎండలో పెడితే నాలుగు దారులు పడతాయి.

మెటాలిక్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది నీ వీధిలో ప్రతి సిల్వర్ కారు మీదా ఉంది. అల్యూమినియాన్ని ఉక్కు గుండ్లు దొర్లే డ్రమ్ములో వేసి రేకులుగా నలగ్గొడతారు. పొడిగా నూరితే పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకని టర్పెంటైన్ లాంటి ద్రవంలో, కాస్త స్టియరిక్ ఆమ్లం కలిపి తడిగా నూరే పద్ధతి 1920లలో అమెరికాలో హాల్ అనే ఆయన పేరు మీద వచ్చింది. అలా వచ్చే రేకు సుమారు 10 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి విడివిడిగా ఏ రేకూ కంటికి ఆనదు. అన్నీ కలిసి ఒక నిగారింపు ఇస్తాయి, అంతే. చమ్కీ అనిపించాలంటే ఒక్కో రేకు విడిగా కన్ను కొట్టాలి. ఆ పని మెటాలిక్ వల్ల కాదు.

ఇక్కడ మన ఆటోనగర్ వాళ్ళకు నచ్చే పిట్టకథ ఒకటుంది. మనం గన్‌తో కొట్టే ఏ పెయింట్‌నైనా "డ్యూకో" అంటాం కదా. డ్యూకో పెయింటర్, డ్యూకో షాపు, ఆఖరికి చెక్క బీరువాకి కూడా డ్యూకో. అది నిజానికి డ్యూపాంట్ కంపెనీ వాళ్ళ బ్రాండు పేరు. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి చేసే నైట్రోసెల్యులోజ్ లాకర్ (త్వరగా ఆరి మెరిసే పూత) అది. 1923లో బయటికొచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్ళు 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు నీలం రంగులో కొట్టి చూపించారు. అంతకు ముందు కారుకు కుంచెతో వార్నిష్ పూసి, అది ఆరడానికి వారాల తరబడి ఆగేవాళ్ళు. డ్యూకో గంటల్లో ఆరిపోయేది. అది అంత త్వరగా ఆరకపోతే ఒక్క కారు మీద ఇరవై, ముప్ఫై పొరలు (మేం కోట్లు అంటాం) కొట్టే పిచ్చి ఎవడికీ పుట్టేది కాదు. చమ్కీ కథకు పునాది అక్కడ పడింది.

ఇక చేపల సంగతి. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో జాకెన్ అనే పూసల వ్యాపారి ఉండేవాడు. నదిలో దొరికే ఒక చిన్న చేపను కడిగిన నీళ్ళు వెండిలా మెరవడం చూసి, ఆ పొలుసుల మీది పదార్థాన్ని గాజు పూసల లోపల పూసి నకిలీ ముత్యాలు చేశాడంటారు. ఆ మెరుపు గ్వానిన్ అనే పదార్థపు సన్నటి స్ఫటికాలది. చేప ఒంటి మీద మనం చూసే వెండి తళుకు కూడా అదే. ఇంట్లో చేపలు తోమేటప్పుడు అమ్మ చేతికి అంటుకుని ఎండలో మెరిసే ఆ జిగురు గుర్తు తెచ్చుకో. దాన్నే శుద్ధి చేసి లాకర్‌లో కలిపితే పెరల్ పెయింట్. అమెరికాలో మెయిన్ రాష్ట్రం తీరంలో హెరింగ్ చేపల పొలుసుల నుంచి ఇది తీసేవాళ్ళు. బొత్తాలకు, గోళ్ళ రంగుకు వెళ్ళే సరుకు కొందరు కస్టమ్ పెయింటర్ల చేతికీ చేరింది. కాస్త ఎసెన్స్ కావాలంటే వేల చేపల పొలుసులు కావాలి కాబట్టి ధర చుక్కలంటేది. అందుకే తొలి పెరల్ కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

ఇప్పుడు హాట్ రాడ్ దగ్గరికి వద్దాం. చిన్న సవరణ ఒకటి. హాట్ రాడ్ అంటే వేగం కోసం పీకి పారేసిన పాత కారు. 1932 ఫోర్డ్ లాంటిదాన్ని తీసుకుని, ఫెండర్లు (చక్రాల మీది తొడుగులు) ఊడదీసి, ఇంజను బలపరిచి, కాలిఫోర్నియాలో మ్యూరాక్ లాంటి ఎండిపోయిన చెరువు మైదానాల్లో పరిగెత్తించేవాళ్ళు. ఆ పందేలు నడిపే సంఘం 1937లోనే ఏర్పడింది. ఆ కుర్రాళ్ళకు పెయింట్ మీద ధ్యాస తక్కువ. నలుపో, ఎరుపో, ఒక్కోసారి ఉత్త ప్రైమరో (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఉండేది. నువ్వు చూసిన తళుకు కార్లలో చాలావరకు "కస్టమ్" కార్లు, అంటే వేగానికి కాక చూపుకి మార్చినవి. రెండిటినీ ఒకే చోటికి చేర్చింది ప్రదర్శనలు. 1948 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో హాట్ రాడ్ ప్రదర్శన జరిగింది. 1950లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ఊళ్ళో రోడ్‌స్టర్ షో మొదలైంది. మైదానంలో దుమ్ము కొట్టుకుపోయే బండి, హాలులో దీపాల కింద నిలబడింది. దీపం పడగానే పక్కవాడి బండి కంటే నాది మెరవాలి అన్న పంతం పుట్టింది. గడియారం చూసి గెలిచేవాడు ఇప్పుడు జడ్జీ కళ్ళు చూసి గెలవాలి.

ఆ పంతంలోంచి మొదట వచ్చింది ఫ్లేక్ కాదు, క్యాండీ. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాకు చెందిన జో బైలాన్ అనే కస్టమ్ కార్ల పనివాడు ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1950ల మధ్యకల్లా క్యాండీ యాపిల్ రెడ్ అనే రంగును పట్టాడు. జాతరలో పుల్లకు గుచ్చి, ఎర్రటి పాకంలో ముంచి అమ్మే యాపిల్ ఉంటుందే, ఆ రంగు. దీని కిటుకు చెబుతాను. మామూలు ఎరుపు పెయింట్ గోడ లాంటిది. వెలుగు పై పొర మీదే తగిలి వెనక్కి వచ్చేస్తుంది. క్యాండీలో ముందు కింద వెండి గానీ బంగారు రంగు గానీ మెటాలిక్ బేస్ కొడతారు. దాని మీద రంగు కలిపిన పారదర్శక లాకర్‌ను పల్చగా, పొర మీద పొర కొడతారు. వెలుగు ఆ ఎర్ర పొర గుండా లోపలికి వెళ్ళి, వెండికి తగిలి, మళ్ళీ ఆ ఎరుపు గుండానే బయటికి వస్తుంది. రెండుసార్లు వడకట్టినట్టన్నమాట. జీడిపప్పు అచ్చు మీద బెల్లం పాకం ఉంటుంది చూడు: పల్చగా ఉన్న చోట బంగారం రంగు, మందంగా గడ్డకట్టిన చోట ముదురు ఎరుపు. క్యాండీ అచ్చం అంతే. అందులోనే దాని శాపం కూడా ఉంది. గన్ ఒక చోట అర క్షణం ఎక్కువ ఆగితే అక్కడ రంగు ముదురుతుంది. కోటు మీద కోటు సమంగా ఎక్కకపోతే ఆరాక బానెట్ మీద జీబ్రా చారలు తేలతాయి. ఒక డోరు గీసుకుపోతే ఆ ఒక్క డోరు కలపడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఎన్ని కోట్లు, ఎంత మందం అన్నది కొట్టినవాడి చేతికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ లోపాన్నే అందంగా వాడుకున్న మొనగాడు మొడెస్టో ఊరివాడు జీన్ విన్‌ఫీల్డ్. ఒక చోట ముదురుగా మొదలై అంచుకు వెళ్ళేసరికి కరిగిపోయే కలయిక రంగులు కొట్టాడు. 1956 మెర్క్యురీని జేడ్ ఐడల్ పేరుతో ఆకుపచ్చ ఛాయల్లో అలా తీర్చాడు. దక్షిణ కాలిఫోర్నియాలో లారీ వాట్సన్ ఇంకో దారి పట్టాడు. బాడీ మడతల వెంబడి టేపులు అంటించి ఒక్కో పలకకు ఒక్కో రంగు కొట్టే ప్యానెల్ పెయింటింగ్‌ను పైకి తెచ్చాడు. నాకు వ్యక్తిగతంగా వాట్సన్ పనే ఇష్టం. కొత్తగా గీతలు గీయడు, కారు బాడీలో అప్పటికే ఉన్న గీతనే దిద్దుతాడు.

ఫ్లేక్ కథ మాత్రం బట్టల్లో మెరిసే దారంతో మొదలవుతుంది. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిగ్గా చదువు.

ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో డోబెక్‌మన్ అనే కంపెనీ ఉండేది. పల్చటి ఫిల్ములు అతికించి ప్యాకింగ్ సరుకు చేసేవాళ్ళు. 1946లో వాళ్ళు లూరెక్స్ అనే మెరిసే దారం తెచ్చారు. అల్యూమినియం రేకును రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి అతికించి, రంగు వేసి, వెంట్రుకంత సన్నటి పోగులుగా చీల్చడం దాని పద్ధతి. మన భాషలో చెప్పాలంటే ప్లాస్టిక్ జరీ. అసలు జరీకి వెండి తీగ కావాలి, అది నల్లబడుతుంది. ఈ జరీ లోపలి లోహానికి గాలే తగలదు కాబట్టి నల్లబడదు. ఇవాళ తక్కువ ధర పట్టుచీర అంచు మీద చూసే మెరుపు చాలావరకు ఈ కుటుంబానిదే. 1957లో ఈ కంపెనీని డౌ కెమికల్ కొనేసింది. ఆ గొడుగు కిందే మెటల్‌ఫ్లేక్ అన్న పేరుతో, రంగు పూసిన పల్చటి అల్యూమినియం రేకును బుల్లి చదరాలుగా కత్తిరించిన సరుకు మార్కెట్లోకి వచ్చింది. పొడవుగా చీలిస్తే జరీ, అడ్డంగా కూడా తెగితే చమ్కీ. బంధువులే!

చమ్కీ పొడి అంతకు ముందు లేదా అంటే ఉంది. న్యూజెర్సీలో హెన్రీ రుష్‌మన్ అనే మెషినిస్టు 1930లలో ప్లాస్టిక్ తుక్కును యంత్రంతో సన్నగా తరిగి గ్లిటర్ అమ్మడం మొదలుపెట్టాడు. క్రిస్మస్ కార్డులకు, అలంకరణలకు అది సరిపోయేది. కానీ పెయింట్ దగ్గర ఇబ్బంది ఏమిటంటే లాకర్‌ను పల్చన చేసే ద్రవం, థిన్నర్. నోట్లో చక్కెరబిళ్ళలా ప్లాస్టిక్కునీ రంగునీ కరిగించి పారేస్తుంది. కాబట్టి కారుకు కావలసింది ఊరికే మెరిసేది కాదు, థిన్నర్‌లో నానినా రంగు వదలనిది. మెటల్‌ఫ్లేక్ రేకుల మీది ఎపాక్సీ పూత ఆ పని చేసింది. తర్వాత మైలార్ వచ్చింది. 1950లలో డ్యూపాంట్ తెచ్చిన పాలియెస్టర్ ఫిల్ము అది. దాని మీద శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పట్టించి, కత్తిరిస్తే, తేలికగా, తుప్పు పట్టని, గట్టి రేకు దొరికింది. ఇవాళ్టి ఫ్లేక్ చాలావరకు ఈ పాలియెస్టర్‌దే.

కారు కంటే ముందే ఈ తళుకు సంగీతం దగ్గర ఉంది. పెళ్ళి బ్యాండు వాళ్ళ డ్రమ్ము చుట్టూ మెరిసే తొడుగు ఉంటుంది చూడు, ఆ తరహాది. అమెరికాలో గ్రెట్ష్ కంపెనీ డ్రమ్ములూ చేసేది, గిటార్లూ చేసేది. 1950ల మధ్యలో తమ డ్రమ్ముల తొడుగునే గిటారు ముందు భాగానికి అతికించి సిల్వర్ జెట్ అని అమ్మారు. అంటే వేదిక మీద దీపాల కింద మెరిసే బుద్ధి అప్పటికే జనానికి అలవాటు. హాలులో దీపాల కింద నిలబడిన కారు వాడు పక్కకు చూసి నేర్చుకోకుండా ఉంటాడా?

కాబట్టి "మొదట కనిపెట్టింది ఎవరు" అని ఒక్క పేరు అడిగితే, క్యాండీకి బైలాన్ పేరు చెబుతాను. ఫ్లేక్‌కి మనిషి పేరు చెప్పను, క్లీవ్‌లాండ్ జరీ కంపెనీ పేరు చెబుతాను. 1960ల మొదట్లో కాలిఫోర్నియా షాపులన్నీ ఒకేసారి దాని మీద పడ్డాయి. పడవలు, హెల్మెట్లు, సైకిల్ సీట్లు, దేన్నీ వదల్లేదు. 1964లో బ్రూస్ మేయర్స్ ఫైబర్‌గ్లాస్‌తో మ్యాంక్స్ అనే డ్యూన్ బగ్గీ (ఇసుక దిబ్బల మీద నడిపే బండి) చేశాడు. అలాంటి బండ్లకు ఫ్లేక్‌ను పైన కొట్టక్కర్లేదు. అచ్చులో ముందు రంగులేని జెల్‌కోటు (అచ్చు లోపల పూసే చిక్కటి రెసిన్ పూత), దాని వెనక ఫ్లేక్ కలిపిన జెల్‌కోటు, ఆ వెనక ఫైబర్ వేస్తారు. అచ్చు తిరగేసి తీస్తే మెరుపు అప్పటికే అద్దం వెనక ఉంటుంది. మా కష్టం వాళ్ళకు లేదు. చేపల వేటకు వాడే ఇక్కడి చిన్న పడవలు ఇప్పటికీ పాపిట్లో కుంకుమ చల్లినట్టు ఎర్రగా మెరవడానికి కారణం అదే.

ఇప్పుడు మా కష్టం సంగతి.

ఫ్లేక్ కొలత అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన చెబుతారు. 4, 8, 15, 25 ఇలా. 8 అంటే సుమారు 200 మైక్రాన్ల వెడల్పు, 15 అంటే 380. ఇప్పటి ఫ్యాక్టరీ కారుకు ప్రైమర్ నుంచి క్లియర్ దాకా అన్ని పొరలూ కలిపితే 100 నుంచి 130 మైక్రాన్లు వస్తుంది. అంటే ఒక్క రేకు వెడల్పే కారు మొత్తం పెయింట్ మందం కంటే ఎక్కువ. రేకులన్నీ బుద్ధిగా పడుకుంటే సమస్య లేదు, కొన్ని ఏటవాలుగా, కొన్ని నిలువుగా నిలబడతాయి. నిజానికి మెరుపు వచ్చేదీ ఆ ఏటవాలు వాటి వల్లే, ఒక్కోటి ఒక్కో దిక్కుకి వెలుగు విసురుతుంది. కొట్టిన వెంటనే చెయ్యి పెడితే 60 నంబరు పేపరులా గరగరలాడుతుంది. ఒక కోటు క్లియర్ ఆరాక మిగిలేది 25 నుంచి 50 మైక్రాన్లు. లెక్క నువ్వే వేసుకో. పాత రోజుల్లో పల్చటి లాకర్‌తో ఇరవై, ముప్ఫై కోట్లు అంటే అతిశయోక్తి కాదు.

మా షాపులో ఒక పెద్దాయన ఉన్నాడు, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, డెబ్భై దాటాయి. నాకు మొదటి వారంలో నేర్పింది ఒకటే: గోరు పరీక్ష. క్లియర్ కొట్టి, ఆరనిచ్చి, 400 నంబరు వాటర్ పేపరుతో తడిపి రబ్ చేశాక, కళ్ళు మూసుకుని బొటనవేలి గోరుతో ఉపరితలం మీద నెమ్మదిగా లాగాలి. ఎక్కడైనా టిక్ అని తగిలితే అక్కడొక రేకు తల ఇంకా పైకుంది. మళ్ళీ క్లియర్, మళ్ళీ రబ్బింగ్. పొరపాటున ఆ తల మీద పేపరు పడిందా, అయిపోయింది. రేకు మీది రంగు పూత అరిగిపోయి లోపలి తెల్ల అల్యూమినియం బయటపడుతుంది. ఎర్ర బానెట్ మీద అన్నం మెతుకుల్లా తెల్ల చుక్కలు. దాన్ని దిద్దే మందు లేదు, మళ్ళీ ఫ్లేక్ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే.

గన్ విషయం కూడా. ఫ్లేక్ బరువుకు కప్పు అడుగున చేరిపోతుంది. ఒక పాస్‌లో (గన్ ఒకసారి అడ్డంగా లాగడం) ముద్దగా చమ్కీ, ఇంకో పాస్‌లో ఉత్త క్లియర్ పడుతుంది. అందుకని కప్పులో రెండు మూడు స్టీలు గోళీలు వేసి, ప్రతి పాస్‌కీ ఊపుతూ కొడతారు. నాజిల్ (గన్ మొన రంధ్రం) 1.3 మిల్లీమీటర్లయితే రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది, పెద్ద రేకుకు 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కావాలి. కింద వేసే బేస్ రంగు ఫ్లేక్ రంగుకు దగ్గరగా ఉండాలి, లేకపోతే సందుల్లోంచి కింది రంగు ఎగతాళి చేస్తుంది. కొందరు వెండి ఫ్లేక్ కొట్టి పైన క్యాండీ కొడతారు. అప్పుడు పాకంలో చమ్కీలు వేసినట్టు లోతు వస్తుంది. నా మాట అడిగితే అదే రాజమార్గం.

ఈ పనిని కళ స్థాయికి తీసుకుపోయింది మాత్రం హాట్ రాడ్ వాళ్ళు కాదు, లోరైడర్లు. మెక్సికన్ అమెరికన్ పేటల వాళ్ళు. బండిని నేలకు ఆనించినట్టు దించి, నెమ్మదిగా నడుపుతూ వెళ్ళడం వాళ్ళ పద్ధతి. నెమ్మదిగా వెళ్ళే బండిని జనం తీరిగ్గా చూస్తారు, కాబట్టి పెయింట్ మీద ఎంత పనైనా వృథా పోదు. తూర్పు లాస్ ఏంజెలెస్ ఇంపీరియల్స్ క్లబ్బుకు చెందిన జెస్సీ వలడెజ్ 1964 ఇంపాలా, జిప్సీ రోజ్, గులాబీ రంగు మీద చేత్తో వేసిన గులాబీ పూలతో ఇప్పటికీ ఈ లోకానికి పట్టపు రాణి. 2017లో అమెరికా చారిత్రక వాహనాల జాబితాలోకి ఎక్కింది, వాషింగ్టన్‌లో గాజు గదిలో పెట్టి చూపించారు. ఆ పూలు గీసింది వాల్ట్ ప్రే. మా శాన్ హోసేలోనే 1977లో లోరైడర్ పత్రిక పుట్టింది. ఇక్కడ స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కలిసే చోట ఆ బండ్లు తిరగకుండా ఏళ్ళ తరబడి నిషేధం ఉండేది. నగరం 2022లో ఎత్తేసింది. 2024 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా అలాంటి నిషేధాలు చెల్లవని చట్టం వచ్చింది. ఆ తర్వాత మా షాపుకు ఫ్లేక్ పనులు పెరిగాయి, అది వేరే సంతోషం.

పెరల్ వైపు జరిగిన మార్పు ఒకటి చెప్పి ట్యాంకుకు వచ్చేస్తాను. చేప పొలుసులతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? 1963లో డ్యూపాంట్‌కు చెందిన హోవర్డ్ లింటన్ పేరు మీద ఒక పేటెంటు వచ్చింది: అభ్రకం (మైకా) రేకుల మీద టైటానియం డయాక్సైడ్‌ను పల్చటి పొరగా పట్టించడం. పొర మందం మారితే తేలే రంగు మారుతుంది, నీళ్ళ మీద నూనె తెట్టులా. ఇవాళ్టి పెరల్ పెయింట్లలో ఎక్కువ భాగం దీని వారసులే. మా అమ్మమ్మ వాళ్ళది గూడూరు వైపు. చిన్నప్పుడు అభ్రకం గనుల దగ్గర దొరికే తుక్కు పలకల్ని పొరలు పొరలుగా చీల్చుకుంటూ ఆడుకునేవాళ్ళం, కాకిబంగారం అనుకుంటూ. ఇక్కడికొచ్చి పెరల్ డబ్బా మీద మైకా అన్న మాట చదివినప్పుడు బూత్‌లో ఒక్కడినే నవ్వుకున్నాను. ఇళ్ళల్లో, చిన్న షాపుల్లో కూడా ఈ రంగులు కొట్టగలిగేలా డబ్బాల్లోకి తెచ్చిన వాళ్ళలో మినియాపోలిస్‌కు చెందిన జాన్ కోస్‌మోస్కీ పేరు తప్పక చెప్పాలి. 1956లో మొదలైన ఆయన హౌస్ ఆఫ్ కలర్ పేరు ఇప్పటికీ కస్టమ్ పెయింటర్ల నోట నలుగుతూనే ఉంటుంది.

ఇక నీ బుల్లెట్ ట్యాంకు.

నేను ఆటోనగర్‌లో ఉండగా ఒక కుర్రాడు ఆర్ఎక్స్ 100 ట్యాంకు పట్టుకొచ్చి ఇలాంటిదే అడిగాడు. అప్పట్లో ఆటో ఫ్లేక్ ఎక్కడ దొరుకుతుందో తెలియక, బీసెంట్ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపులో పిల్లల క్రాఫ్టు పనికి అమ్మే ఆకుపచ్చ చమ్కీ పొడి నాలుగు డబ్బాలు కొన్నాను. క్లియర్‌లో కలిపి, థిన్నర్ పోసి, టీ తాగి వచ్చేసరికి క్లియర్ ఆకుపచ్చగా మారింది, చమ్కీలు తెల్లబోయాయి. నేనూ అలాగే తెల్లబోయాను. అది చాలదన్నట్టు మొండిగా అలాగే కొట్టేశాను. నెల తిరక్కుండా ట్యాంకు మూత చుట్టూ పెట్రోలు చిందిన చోటల్లా పొర ఉబ్బి చర్మంలా లేచింది. కుర్రాడు మంచివాడు, ఏమీ అనలేదు, మళ్ళీ మా వీధికి రాలేదంతే. ఆ మౌనం కంటే రెండు తిట్లు నయం.

కాబట్టి ఇలా చెయ్యి. పెయింట్‌కని అమ్మే, థిన్నర్‌కు తట్టుకునే పాలియెస్టర్ ఫ్లేక్ మాత్రమే కొను. ట్యాంకు చిన్నది, వంపులెక్కువ. 15 నంబరు వేస్తే పండగ గంగిరెద్దులా ఉంటుంది, 4 గానీ 8 గానీ చాలు. ట్యాంకు పక్కల క్రోమ్ ఉంటే దాని మీద నేరుగా ఏదీ పట్టదు, బాగా గరుకు చేయించి ఎపాక్సీ ప్రైమర్ వేయించు. పైన హార్డ్‌నర్ కలిపే రెండు భాగాల క్లియరే వాడమను, ఉత్త లాకర్ క్లియర్ పెట్రోలుకు ఆగదు. మధ్యలో రబ్ చేసుకుంటూ ఐదారు కోట్లు క్లియర్ పడుతుంది, రెండు రోజుల్లో ఇచ్చేస్తానన్న పెయింటర్ దగ్గర ట్యాంకు పెట్టకు. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లుంటాయి, ఊపిరితిత్తులకు మహా చెడ్డవి. రుమాలు కట్టుకుని కొట్టే మేస్త్రీకి నువ్వే ఒక మంచి మాస్కు కొనివ్వు. మన ఎండకు ఎరుపు, ఊదా క్యాండీలు త్వరగా వెలుస్తాయి. నీడలో పెట్టుకునే చోటు లేకపోతే క్యాండీ జోలికి పోకుండా బంగారు రంగో వెండి రంగో ఫ్లేక్ వేయించు. బండి రంగు మొత్తం మారితే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి, ఆర్‌టీఓ ఆఫీసులో ముందే కనుక్కో.

కొన్న ఫ్లేక్‌ను నేరుగా గన్‌లో పొయ్యొద్దు. ఒక చెంచాడు తీసి మూతున్న గాజు సీసాలో వేసి, పెయింటర్ వాడబోయే థిన్నరే పోసి, ఒక రాత్రి కదపకుండా వదిలెయ్. పొద్దున్నే పైన తేరిన థిన్నర్ నీళ్ళలా తేటగా ఉంటే పనికొస్తుంది. ఏ మాత్రం రంగు దిగినా ఆ ప్యాకెట్ మీ చెల్లి ముగ్గులకు ఇచ్చెయ్. సీసాని తెల్ల కాగితం ముందు పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టు, నేను చూసి చెబుతాను.